జావాస్క్రిప్ట్‌లో తేదీ లెక్కలు అన్ని బ్రౌజర్లలో ఒకేలా రావాలంటే ఏం చెయ్యాలి

హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో కూర్చుని డేట్ కోడ్ రాసేవాళ్ళకి ఒక చిక్కుంది. మన దేశమంతా ఒకటే టైంజోన్, యూటీసీకి (ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే ప్రామాణిక సమయానికి) ఐదున్నర గంటలు ముందు, ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకి జరిపే డేలైట్ సేవింగ్ గొడవే లేదు, దాంతో తప్పు కోడ్ కూడా మన లాప్‌టాప్‌లో క్రోమ్‌లో చక్కగా పనిచేసినట్టే కనిపిస్తుంది. అదే పేజీని డాలస్‌లో ఉన్నాయన ఓపెన్ చేస్తే పెళ్లి తేదీ ఒకరోజు ముందు చూపిస్తుంది, పాత ఐఫోన్‌లో ఓపెన్ చేస్తే తేదీ ఉండాల్సిన చోట ఇన్‌వాలిడ్ డేట్ అని వస్తుంది. చాలామంది దీన్ని బ్రౌజర్ బగ్ అనేసుకుని ఆ బ్రౌజర్ కోసం ఒక ఇఫ్ కండిషన్ పెట్టేస్తారు, దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి, ఎందుకంటే ఎక్కువ కేసుల్లో తప్పు బ్రౌజర్‌ది కాదు, మనం డేట్ ఆబ్జెక్ట్‌ని అది చెయ్యలేని పనికి వాడటమే అసలు కారణం.

జావాస్క్రిప్ట్ డేట్ ఆబ్జెక్ట్ లోపల నిజానికి తేదీ అనేదే ఉండదు. 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ ఒక్క నంబరే ఉంటుంది, టైంజోన్ కూడా ఉండదు. మీరు గెట్‌డేట్ అనో గెట్‌మంత్ అనో అడిగినప్పుడు ఆ ఫోన్ లేదా కంప్యూటర్‌లో సెట్ అయి ఉన్న టైంజోన్ ప్రకారం అప్పటికప్పుడు లెక్కకట్టి చెబుతుంది. అంటే అది ఒక క్షణం. కానీ మనకి అప్లికేషన్లలో ఎక్కువగా కావాల్సింది క్షణం కాదు, క్యాలెండర్ మీద ఒక గడి. పుట్టినరోజు, ఫీజు కట్టాల్సిన ఆఖరి తేదీ, ఈఎంఐ తేదీ, శుభలేఖ మీద తేదీ, ఇవన్నీ సంవత్సరం, నెల, రోజు అనే మూడు నంబర్లే, ప్రపంచంలో ఎక్కడ చూసినా మారకూడదు. పేమెంట్ అయిన టైము, జూమ్ కాల్ మొదలయ్యే టైము, ముహూర్తం లైవ్ స్ట్రీమ్ టైము, ఇవి క్షణాలు, ఇవి ఎవరి ఊళ్లో వాళ్ల గడియారం ప్రకారం మారాలి. కోడ్ మొదలుపెట్టే ముందే ప్రతి ఫీల్డ్ ఈ రెండిట్లో ఏ రకమో రాసి పెట్టుకోండి, కింద చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు స్ట్రింగ్ నుంచి తేదీ తీసే దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే బ్రౌజర్ల మధ్య తేడాలు ఎక్కువ వచ్చేది ఇక్కడే.

న్యూ డేట్ అని రాసి బ్రాకెట్లో ఏదో ఒక స్ట్రింగ్ పడెయ్యడం అందరికీ అలవాటు. జావాస్క్రిప్ట్ భాషకి రూల్‌బుక్ అయిన ఎక్మాస్క్రిప్ట్ స్టాండర్డ్ గ్యారంటీ ఇచ్చేది ఐఎస్ఓ పద్ధతిలో, అంటే 2026-03-08 లా రాసినవాటికి, ఇంకా డేట్ ఆబ్జెక్ట్ తనంతట తాను టూస్ట్రింగ్, టూయూటీసీస్ట్రింగ్‌లతో బయటికి ఇచ్చే రూపాలకి, మిగతావన్నీ బ్రౌజర్ ఇష్టం. మన దగ్గర అందరూ రాసే 25/12/2026 ఇస్తే క్రోమ్ 25వ నెల లేదు కదా అని ఇన్‌వాలిడ్ డేట్ అంటుంది, అది ఇంకా నయం, కనీసం తెలుస్తుంది. 05/08/2026 ఇస్తే మాత్రం ఏ గొడవా చెయ్యకుండా ఆగస్టు 5ని మే 8 చేసేస్తుంది, అమెరికా పద్ధతిలో నెల ముందు చదువుతుంది కాబట్టి. ఈ బగ్ ప్రతి నెలా 13 నుంచి బయటపడుతుంది, 12 దాకా దాక్కుంటుంది, నెల మొదటి వారంలో టెస్ట్ చేసి రిలీజ్ చేసేస్తే యూజర్లే మీకు చెప్పాలి. డేటాబేస్ నుంచి వచ్చే 2026-03-08 10:00:00 లాంటి స్ట్రింగ్, మధ్యలో ఖాళీ ఉన్నది, క్రోమ్ ఒప్పుకుంటుంది, పాత సఫారీ ఒప్పుకోదు. 2026-3-8 అని సున్నాలు లేకుండా రాసినా అదే కథ. ఫిబ్రవరి 30 ఇస్తే ఒక బ్రౌజర్ మార్చిలోకి తోసేస్తుంది, ఇంకోటి చెల్లదు అంటుంది.

సరే ఐఎస్ఓ పద్ధతే వాడదాం అంటే అక్కడా ఒక మెలిక ఉంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే. 2026-03-08 అని తేదీ మాత్రమే ఇస్తే స్టాండర్డ్ ప్రకారం అది యూటీసీ అర్ధరాత్రి. అదే తేదీకి టైము కూడా కలిపి, జోన్ చెప్పకుండా ఇస్తే అది లోకల్ టైము. 2009లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో జోన్ లేకపోతే యూటీసీ అని ఉండేది, 2015 ఎడిషన్‌లో దాన్ని లోకల్‌కి మార్చారు, తేదీ మాత్రమే ఉన్నది యూటీసీయే అని ఆ తర్వాతి ఎడిషన్‌లో స్పష్టంగా రాశారు, అందుకే పాత బ్రౌజర్లు కొన్ని ఒకలా కొన్ని ఇంకోలా చేసేవి. ఇప్పుడు మన దగ్గర 2026-03-08 ని చదివితే మార్చి 8 ఉదయం 5:30 వస్తుంది, రోజు కరెక్టే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. డాలస్‌లో అదే స్ట్రింగ్ మార్చి 7 సాయంత్రం 6 గంటలు అవుతుంది, స్క్రీన్ మీద 7వ తేదీ కనిపిస్తుంది. బ్రౌజర్ రెండు చోట్లా ఒకటే అయినా సరే.

కాబట్టి క్యాలెండర్ తేదీలకి బిల్ట్ ఇన్ పార్సర్‌ని (స్ట్రింగ్ చదివి తేదీగా మార్చేదాన్ని) అసలు ముట్టుకోకండి. స్ట్రింగ్‌ని హైఫన్ దగ్గర స్ప్లిట్ చేసి, మూడు ముక్కల్నీ నంబర్లుగా మార్చి, ఇలా కట్టండి:

తేదీ = న్యూ డేట్(డేట్.యూటీసీ(సంవత్సరం, నెల - 1, రోజు))

ఇంక అక్కడి నుంచి ఆ ఆబ్జెక్ట్‌ని ఎప్పుడూ యూటీసీ మెథడ్స్‌తోనే ముట్టుకోవాలి, గెట్‌యూటీసీడేట్, గెట్‌యూటీసీమంత్, సెట్‌యూటీసీడేట్ ఇలాంటివి. ఒక్క చోట మామూలు గెట్‌డేట్ వాడినా మళ్ళీ ఫోన్ టైంజోన్ లోపలికి దూరిపోతుంది. నెలలో ఒకటి తియ్యడం ఎందుకంటే జనవరి ఇక్కడ సున్నా, 1995లో జావాస్క్రిప్ట్ తయారుచేసేటప్పుడు అప్పటి జావా డేట్ క్లాస్‌ని దాదాపు అలాగే దించారు, జావా వాళ్ళు 1.1 వెర్షన్‌లోనే వాటిలో చాలా మెథడ్స్‌ని వాడొద్దని పక్కన పెట్టేశారు, వెబ్‌లో మాత్రం పాత సైట్లు ఆగిపోతాయని అదే కొనసాగుతోంది. సంవత్సరం ఎప్పుడూ నాలుగు అంకెలు ఉండాలి, 26 అని ఇస్తే 1926 అయిపోతుంది. గెట్‌ఇయర్ అనే పాత మెథడ్ ఇంకా ఎక్కడన్నా కోడ్‌లో ఉంటే తీసేసి గెట్‌ఫుల్‌ఇయర్ పెట్టండి, పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2000 తర్వాత దానికి నాలుగంకెల సంవత్సరం ఇచ్చేది, మిగతావి 1900 తీసేసి ఇచ్చేవి.

ఇచ్చిన తేదీ నిజంగా ఉందా లేదా చూడాలంటే సులువైన పద్ధతి ఒకటుంది, పైన చెప్పినట్టు కట్టాక అదే ఆబ్జెక్ట్ నుంచి సంవత్సరం, నెల, రోజు తిరిగి చదివి మీరు ఇచ్చిన మూడు నంబర్లతో పోల్చండి. ఫిబ్రవరి 30 ఇచ్చుంటే మార్చి 2 తిరిగి వస్తుంది, మ్యాచ్ అవ్వదు, తేదీ తప్పు అని మెసేజ్ ఇవ్వండి. ఇది అన్ని బ్రౌజర్లలో ఒకేలా పనిచేస్తుంది ఎందుకంటే నంబర్లతో కట్టే పద్ధతి స్టాండర్డ్‌లో పూర్తిగా రాసి ఉంది, ఊహకి చోటు లేదు.

యూజర్ దగ్గర తేదీ తీసుకోవడానికి డేట్ టైప్ ఇన్‌పుట్ వాడితే స్క్రీన్ మీద ఎలా కనిపించినా దాని వాల్యూ ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు వరసలోనే, సున్నాలతో సహా వస్తుంది, మాక్ మీద సఫారీకి కూడా 14.1 నుంచి ఉంది. ఆ స్ట్రింగ్‌ని స్ట్రింగ్‌గానే సర్వర్‌కి పంపండి. మధ్యలో డేట్ ఆబ్జెక్ట్‌గా మార్చి పంపాల్సిన పనే లేదు.

మధ్యలో మార్చడం వల్ల మన దగ్గర ఎక్కువగా వచ్చే బగ్ ఒకటి చెప్తాను. డేట్‌పికర్ లైబ్రరీ ఏదో మార్చి 8 లోకల్ అర్ధరాత్రి అని ఆబ్జెక్ట్ ఇస్తుంది, దాన్ని టూఐఎస్ఓస్ట్రింగ్ చేసి మొదటి పది అక్షరాలు కోసి సర్వర్‌కి పంపుతారు. మన అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు 18:30, కాబట్టి సర్వర్‌కి వెళ్లేది 2026-03-07. డాలస్‌లో చదివేటప్పుడు ఒకరోజు వెనక్కి పోతుంది, మన దగ్గర రాసేటప్పుడు ఒకరోజు వెనక్కి పోతుంది, ఎడిట్ చేసి సేవ్ చేసిన ప్రతిసారీ పుట్టినరోజు ఒక్కోరోజు వెనక్కి జరుగుతూ పోయే ఫారాలు వచ్చేది ఇందుకే. ఇవాళ తేదీ కోసం కూడా ఇదే కోత వేస్తారు, అది తెల్లవారుజామున 5:30 లోపు నిన్నటి తేదీ ఇస్తుంది, పగలు ఆఫీస్‌లో టెస్ట్ చేసేవాళ్ళకి ఎప్పటికీ దొరకదు. లోకల్ తేదీ కావాలంటే గెట్‌ఫుల్‌ఇయర్, గెట్‌మంత్, గెట్‌డేట్ మూడూ విడివిడిగా తీస్కుని, నెలకి ఒకటి కలిపి, రెండంకెలకి సున్నా ప్యాడ్ చేసి మీరే జోడించండి.

ఇప్పుడు లెక్కలు. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు అనేదానికి అందరూ రాసేది ఒకటే, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి 8,64,00,000 తో భాగించడం. ఇండియాలో ఓకే. అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి పోతోంది, 2026లో అవి మార్చి 8, నవంబర్ 1. డాలస్‌లో మార్చి 1 నుంచి మార్చి 31 దాకా లోకల్ అర్ధరాత్రుల మధ్య 720 గంటలు ఉండవు, 719 ఉంటాయి, భాగిస్తే 29.958 వస్తుంది, ఫ్లోర్ వేస్తే, అంటే కింది పూర్ణసంఖ్యకి దించితే, 29. అక్టోబర్ 25 నుంచి నవంబర్ 8 దాకా 337 గంటలు, సీల్ వేస్తే, అంటే పై పూర్ణసంఖ్యకి పెంచితే, 15 రోజులు. డేట్.యూటీసీతో కట్టిన తేదీలైతే యూటీసీలో గడియారం ముందుకీ వెనక్కీ జరగడమే ఉండదు కాబట్టి అదే భాగహారం ఎప్పుడూ పూర్ణసంఖ్యే ఇస్తుంది, రౌండింగ్ గురించి ఆలోచించక్కర్లేదు. రోజులు కలపడానికి సెట్‌యూటీసీడేట్‌లో ఉన్న రోజుకి కావాల్సినన్ని కలిపి ఇవ్వండి, నెల, సంవత్సరం దాటితే అదే చూసుకుంటుంది.

లోకల్ అర్ధరాత్రిని నమ్ముకోకూడదని గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది, కొన్ని దేశాల్లో కొన్ని రోజుల్లో అర్ధరాత్రే ఉండదు, గడియారం సరిగ్గా 12కి ఒంటిగంట అయిపోతుంది, బ్రెజిల్‌లో డేలైట్ సేవింగ్ ఎత్తేసేదాకా అలాగే ఉండేది. సమోవా అయితే 2011 డిసెంబర్ 30 అనే రోజునే దాటేసి 29 నుంచి 31కి వెళ్ళింది. మన దేశం కూడా పూర్తిగా మినహాయింపు కాదు, రెండో ప్రపంచ యుద్ధం టైంలో 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా ఇక్కడి గడియారాలు గంట ముందు, అంటే యూటీసీకి ఆరున్నర గంటలు ముందు ఉన్నాయి. పాత స్టాండర్డ్ ఇప్పటి రూల్స్‌నే పాత తేదీలకీ వెయ్యమనేది, 2015 తర్వాత ఆ రోజుల్లో నిజంగా ఉన్న రూల్ వాడమంది, బ్రౌజర్లు ఒక్కొక్కటి ఒక్కోసారి మారాయి. పెన్షన్ రికార్డుల్లో 1943లో పుట్టినవాళ్ళ తేదీల్ని లోకల్ టైంలో మిల్లీసెకన్లుగా దాచుకుంటే ఒక బ్రౌజర్‌కీ ఇంకో బ్రౌజర్‌కీ గంట తేడా వచ్చి తేదీ మారిపోయే ప్రమాదం ఉంది. మూడు నంబర్లుగా దాచుకున్నవాళ్ళకి ఇవేవీ తగలవు.

నెలలు కలపడం వేరే సంగతి, ఇక్కడ బ్రౌజర్లన్నీ ఒకే జవాబు ఇస్తాయి కానీ ఆ జవాబు మనకి పనికిరాదు. జనవరి 31కి ఒక నెల కలపమంటే ఫిబ్రవరి 31 అని అనుకుని మార్చి 3కి వెళ్ళిపోతుంది, ఈఎంఐ షెడ్యూల్‌లో ఫిబ్రవరి మాయమైపోతుంది. చెయ్యాల్సింది ఏంటంటే, వెళ్లాల్సిన నెలలో ఆఖరి రోజు ఎంతో కనుక్కోండి, డేట్.యూటీసీకి తర్వాతి నెల ఇచ్చి రోజు దగ్గర సున్నా ఇస్తే ఈ నెల ఆఖరి రోజు వస్తుంది, దానికీ అసలు రోజుకీ ఏది తక్కువైతే అది పెట్టండి. రెండోది, ప్రతి వాయిదానీ మొదటి తేదీ నుంచే లెక్కపెట్టండి, ముందు వాయిదా నుంచి కాదు. లేకపోతే జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 28 వస్తుంది, అక్కడి నుంచి మార్చి 28, ఏప్రిల్ 28, ఇంక 31 అనేది తిరిగి రాదు. కస్టమర్ అగ్రిమెంట్‌లో నెలాఖరు అని ఉంటే ఇది చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి, సెట్‌మంత్ లాంటివి అదే ఆబ్జెక్ట్‌ని మార్చేస్తాయి, కొత్తది ఇవ్వవు. ఫంక్షన్‌కి పంపిన తేదీ బయట కూడా మారిపోతుంది. ఫంక్షన్ మొదట్లోనే కాపీ చేస్కోండి.

వయసు లెక్కకి 365.25తో భాగించే పద్ధతి మర్చిపోండి, పుట్టినరోజు దగ్గర్లో ఒకరోజు అటూ ఇటూ తప్పుతుంది, ఉద్యోగ నోటిఫికేషన్లలో ఫలానా తేదీకి ఇన్నేళ్ళు నిండి ఉండాలి అని ఉన్నప్పుడు ఆ ఒక్కరోజుతో ఒక మనిషి అప్లికేషన్ రిజెక్ట్ అయిపోతుంది. సంవత్సరంలోంచి సంవత్సరం తీసెయ్యండి, కటాఫ్ నెల, రోజు ఇంకా పుట్టిన నెల, రోజుకి రాకపోతే ఒకటి తగ్గించండి, అంతే, ఇందులో మిల్లీసెకన్ల పనే లేదు. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ళకి మామూలు సంవత్సరంలో ఫిబ్రవరి 28న నిండినట్టా మార్చి 1న నిండినట్టా అనేది కోడ్ నిర్ణయించకూడదు, ఆ రూల్ ఎవరిదో వాళ్ళని అడిగి రాయించుకోండి.

ఇక క్షణాల సంగతి. సర్వర్ నుంచి వచ్చే టైము ఎప్పుడూ జోన్‌తో రావాలి, చివర జెడ్ (యూటీసీ అని గుర్తు) అన్నా ఉండాలి, +05:30 అన్నా ఉండాలి, ఆ కోలన్ తీసేసి +0530 అని రాయొద్దు, స్టాండర్డ్ అడిగేది కోలన్‌తోనే. ఐఎస్‌టీ అని పొట్టి పేరు రాసి బ్రౌజర్ అర్థం చేసుకుంటుందని అనుకోవద్దు, ఆ మూడక్షరాలు ఇజ్రాయెల్‌కీ ఐర్లాండ్‌కీ కూడా వాడతారు. గెట్‌టైంజోన్ఆఫ్‌సెట్ మనకి 330 ఇవ్వదు, మైనస్ 330 ఇస్తుంది, గుర్తు తిరగబడి ఉంటుంది, దాన్ని కలిపీ తీసీ టైంజోన్లు మార్చే పాత చిట్కా కోడ్ ఎక్కడున్నా తీసెయ్యండి. ఇంటర్నేషనలైజేషన్ ఏపీఐలో డేట్‌టైమ్‌ఫార్మాట్‌కి టైంజోన్ పేరు ఇస్తే ఆ పని అదే చేస్తుంది. పేరు గురించి ఒక జాగ్రత్త, యూజర్ టైంజోన్ ఏంటని బ్రౌజర్‌ని అడిగితే ఫైర్‌ఫాక్స్ ఏషియా/కోల్‌కతా అంటుంది, క్రోమ్ పాత పేరు ఏషియా/కల్‌కత్తా అంటుంది, రెండూ ఒకటే. ఇండియా యూజరా కాదా అని ఆ స్ట్రింగ్‌ని ఈక్వల్ పెట్టి చూసే కోడ్ ఒక బ్రౌజర్‌లో పనిచేసి ఇంకోదాంట్లో పనిచెయ్యదు.

ప్రతివారం వచ్చే మీటింగ్‌ని మొదటి మీటింగ్‌కి ఏడు రోజుల మిల్లీసెకన్లు కలుపుకుంటూ పోతే ఏమవుతుందో ఐటీలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సోమవారం మన ఉదయం 9:30 కాల్ డాలస్‌లో చలికాలం ఆదివారం రాత్రి 10కి, ఎండాకాలం 11కి. అది ఎవరి గడియారం ప్రకారం ఫిక్స్ అయిన మీటింగో, ఆ టైము, ఆ జోన్ పేరు రెండూ దాచుకుని ప్రతివారం క్షణాన్ని మళ్ళీ లెక్కకట్టాలి.

స్క్రీన్ మీద చూపించేటప్పుడు క్షణాలకి కావాల్సిన టైంజోన్ ఇవ్వండి, క్యాలెండర్ తేదీలకి టైంజోన్ యూటీసీ అని ఇవ్వండి, అది మర్చిపోతే ఇంత కష్టపడి కట్టిన తేదీ ఆఖరి నిమిషంలో ఒకరోజు జరుగుతుంది. లొకేల్ (భాష, ప్రాంతం చెప్పే సెట్టింగ్) తెలుగు ఇస్తే నెలల పేర్లు తెలుగులోనే వస్తాయి, చాలా సైట్లు ఇంత సులువైన పని చెయ్యవు, చెయ్యండి. కానీ ఇలా వచ్చిన టెక్స్ట్ మనుషులు చదవడానికే, దాన్ని మళ్ళీ పార్స్ చెయ్యడం, టెస్టుల్లో అక్షరం అక్షరం పోల్చడం వద్దు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 ఆ టెక్స్ట్ మధ్యలో కంటికి కనపడని దిశ గుర్తులు పెట్టేది, 2023లో క్రోమ్‌లో ఏఎం పీఎం ముందుండే మామూలు ఖాళీ బదులు సన్నటి ఇంకో రకం ఖాళీ వచ్చి ఎన్నో సైట్లలో పార్సింగ్ ఆగిపోయింది, తర్వాత వెనక్కి తీస్కున్నారు. కెనడా ఇంగ్లిష్ లొకేల్ పెట్టి సంవత్సరం-నెల-రోజు రాబట్టే చిట్కా కూడా ఇలాంటిదే, ఆ వరస అలాగే ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ఫార్మాట్‌టూపార్ట్స్ అనే మెథడ్ ఉంది, నెల, రోజు, సంవత్సరం విడివిడిగా ఇస్తుంది, వాటిని మీకు కావాల్సిన వరసలో పేర్చుకోండి.

ఆఖరి తేదీలు, ఆఖరి గంటలు ఉన్నచోట బ్రౌజర్‌లో ఇప్పుడు టైం ఎంత అని అడిగి నిర్ణయం తీసుకోవద్దు, ఫోన్ గడియారం యూజర్ చేతిలో ఉంటుంది. సర్వర్ టైమే లెక్క.

టెస్టింగ్‌కి క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సార్స్ అని ట్యాబ్ ఉంటుంది, అందులో ఊరు మారిస్తే టైంజోన్ మారుతుంది. బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో టీజెడ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి షికాగో జోన్ ఇచ్చి అవే టెస్టులు మళ్ళీ నడపండి, డాలస్ కూడా ఆ జోన్‌లోదే. ప్లేరైట్ (బ్రౌజర్లని తనంతట తానే నడిపి టెస్ట్ చేసే టూల్) వాడితే క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడిట్లోనూ టైంజోన్ మార్చి నడపొచ్చు, వెబ్‌కిట్‌ని వదలొద్దు, ఎందుకంటే మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ వాడుతున్నా లోపల ఉండేది సఫారీ ఇంజిన్ అయిన వెబ్‌కిట్టే. కోల్‌కతా, షికాగో, ఆక్లాండ్ ఈ మూడు జోన్లు, తేదీల్లో జనవరి 31, ఫిబ్రవరి 29, డిసెంబర్ 31, అమెరికా గడియారం మారే రెండు రోజులు, గంటల్లో మన టైం ప్రకారం తెల్లవారుజాము 3, వీటన్నిటికీ టెస్టులు పాసైతే మిగతా చోట్ల కూడా దాదాపు పాసవుతాయి.

లైబ్రరీ వాడాలా అంటే, రోజుల తేడా, వయసు ఈ మాత్రానికి పైన చెప్పిన పద్ధతి చాలు, టైంజోన్లతో ఎక్కువ పని ఉంటే లగ్జాన్ లేదా డేట్-ఎఫ్ఎన్ఎస్ తీస్కోండి. మొమెంట్ అనే పాత లైబ్రరీని 2020లోనే దాని టీమ్ మెయింటెనెన్స్‌లో పెట్టేసింది, కొత్త ప్రాజెక్టుల్లో మొదలుపెట్టకండి. అసలైన పరిష్కారం టెంపొరల్ అని భాషలోకే వస్తోంది, అందులో ప్లెయిన్‌డేట్ అంటే క్యాలెండర్ తేదీ, ఇన్‌స్టంట్ అంటే క్షణం, జోన్డ్‌డేట్‌టైమ్ అంటే జోన్‌తో సహా టైము, మూడూ వేరువేరు రకాలు, ఒకదాని బదులు ఇంకోటి పొరపాటున వాడటం కుదరదు. జనవరి అందులో ఒకటే, సున్నా కాదు, జనవరి 31కి నెల కలిపితే ఫిబ్రవరి ఆఖరి రోజే ఇస్తుంది, పాత ఆబ్జెక్ట్‌ని మార్చదు. ఫైర్‌ఫాక్స్‌లో 2025 మేలో 139వ వెర్షన్‌తో వచ్చింది, క్రోమ్‌లో 144తో వచ్చింది, సఫారీ యూజర్ల కోసం మాత్రం పాలీఫిల్ (బ్రౌజర్‌లో లేని ఫీచర్‌ని అందించే అదనపు కోడ్) పెట్టుకోవాలి, ఆ పాలీఫిల్ సైజు మీ పేజీకి బరువు అనిపిస్తే తేదీల్ని మూడు నంబర్లుగా ఇప్పట్నుంచే విడిగా దాచుకుంటూ పోండి, రేపు ప్లెయిన్‌డేట్‌కి మారేటప్పుడు అవే మూడు నంబర్లు నేరుగా అందులోకి ఇచ్చెయ్యొచ్చు.